స్లైడర్-క్రాంక్‌కు ఏ మోటార్: జల్లెడకు ఒకటి, పెట్టెలు తోయడానికి మరొకటి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చిన్న యంత్రం చేయబోయేవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: “నీమా 23 స్టెప్పర్ సరిపోతుందా?” (స్టెప్పర్ అంటే చిన్న చిన్న అడుగులుగా తిరిగే మోటార్, నీమా 23 దాని సైజు.) పాలిటెక్నిక్ చివరి సంవత్సరం ప్రాజెక్టు చేసే పిల్లలు కావచ్చు, వేరుశనగ జల్లెడకు మోటార్ బిగించాలనుకునే మిల్లు యజమాని కావచ్చు, మామిడి గుజ్జు సీసాల పెట్టెలను బల్ల మీద ముందుకు తోయించాలనుకునేవారు కావచ్చు. ముందు మోటార్ పేరు చెబుతారు, తర్వాత పని చెబుతారు. ఈ వరుస తిరగబడాలి. పని ముందు తెలిస్తే, స్లైడర్-క్రాంక్ (తిరిగే క్రాంక్ ఒక కనెక్టింగ్ రాడ్ ద్వారా స్లైడర్ అనే జారే భాగాన్ని ముందుకూ వెనక్కూ నడిపే మెకానిజం) విషయంలో చాలాసార్లు స్టెప్పర్ అవసరమే ఉండదు. సాదా గేర్డ్ మోటార్ (వేగం తగ్గించే గేర్ పెట్టెతో వచ్చేది), క్రాంక్ మీద ఒక అయస్కాంతం, ఒక సెన్సార్ ఉంటే పని సాఫీగా జరిగిపోతుంది. ఎక్కడ జరుగుతుందో, ఎక్కడ జరగదో లెక్కలతో సహా చెబుతాను.

మెకానిజం తానే చేసే పని

క్రాంక్ ఒకే దిశలో తిరుగుతూ ఉంటే చాలు, స్లైడర్ ముందుకూ వెనక్కూ దానంతటదే ఆడుతుంది. స్లైడర్ దారి క్రాంక్ కేంద్రం గుండా పోయేలా అమర్చితే స్ట్రోక్ పొడవు క్రాంక్ పొడవుకు సరిగ్గా రెండింతలు. 25 మిల్లీమీటర్ల క్రాంక్ పెడితే 50 మిల్లీమీటర్ల స్ట్రోక్. మోటార్ వేడెక్కినా, వోల్టేజీ పడిపోయినా, ప్రోగ్రామ్‌లో పొరపాటు ఉన్నా ఆ 50 మారదు. ఇంట్లో కుట్టుమిషన్ సూదిని పైకీ కిందికీ నడిపేది ఈ మెకానిజమే. నగరి, పుత్తూరుల్లో పవర్‌లూమ్‌ల మీద పలకను ముందుకు తెచ్చి పోగును కొట్టించేది కూడా క్రాంక్, దాని చేతులే. వీటిలో మోటార్ దిశ మార్చాల్సిన పని ఎక్కడా లేదు.

అందుకే ఎవరైనా స్లైడర్ తగలగానే పనిచేసే లిమిట్ స్విచ్‌లు రెండు చివర్లా పెట్టి, మోటార్‌ను అటూ ఇటూ తిప్పించే సర్క్యూట్ గీసుకొచ్చినప్పుడు నాకు బాధగా ఉంటుంది. ఆ కష్టమంతా క్రాంక్ ఎప్పుడో తీర్చేసింది. దిశ మార్చడం అవసరమైతే అది క్రాంక్ పని కాదు, లీడ్‌స్క్రూ (తిరుగుతూ నట్టును జరిపే మరల కడ్డీ) పని.

రెండో వరం డెడ్ సెంటర్. క్రాంక్, కనెక్టింగ్ రాడ్ ఒకే గీతలోకి వచ్చే రెండు చోట్లా స్లైడర్ దాదాపు నిలిచిపోతుంది. 60 మిల్లీమీటర్ల క్రాంక్, 240 మిల్లీమీటర్ల రాడ్ ఉన్న యంత్రాన్ని తీసుకోండి. బయటి డెడ్ సెంటర్ (స్లైడర్ క్రాంక్‌కు అతి దూరంగా ఉండే చోటు) దగ్గర క్రాంక్ 10 డిగ్రీలు తప్పితే స్లైడర్ కదిలేది సుమారు 1.1 మిల్లీమీటర్లు. లోపలి డెడ్ సెంటర్ దగ్గర 0.7 మాత్రమే. అదే 10 డిగ్రీల తప్పు స్ట్రోక్ మధ్యలో జరిగితే స్లైడర్ 10 మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది. అంటే ఆగాల్సిన చోటు డెడ్ సెంటర్ అయితే, చవకైన మోటార్ కొంచెం ముందో వెనకో ఆగినా మీ పనికి తేడా రాదు. ఆగాల్సిన చోటు మధ్యలో ఉంటే మాత్రం కోణాన్ని కొలిచే ఎన్‌కోడరో స్టెప్పరో తప్పదు. మోటార్ ఎంపికలో నేను చూసే మొదటి విభజన ఇదే. ధర, టార్క్ (తిప్పే బలం) ఆ తర్వాతి సంగతులు.

వేరుశనగ జల్లెడ లెక్క

ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన పని కాబట్టి దీన్నే నిదానంగా చూద్దాం. జల్లెడ, దాని మీది కాయలు కలిపి 8 కిలోలు. స్ట్రోక్ 50 మిల్లీమీటర్లు, అంటే క్రాంక్ 25. కనెక్టింగ్ రాడ్ 100, క్రాంక్‌కు నాలుగింతలు. రాడ్ ఇంతకన్నా మరీ పొట్టిగా ఉంటే పక్కకు నెట్టే బలం పెరిగి గైడ్లు అరుగుతాయి. మూడింతల కన్నా తగ్గించవద్దు.

ముందు వేగం. కాయలు జల్లెడ మీద జారాలంటే జల్లెడ త్వరణం ఘర్షణను మించాలి. కాయకూ తీగకూ మధ్య ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే సెకనుకు సెకనుకు 3.9 మీటర్లు దాటాలి. నిమిషానికి 100 చుట్లు తిప్పితే బయటి చివర త్వరణం 3.4, లోపలి చివర 2.1. రెండు చోట్లా కాయలు జల్లెడతో పాటే ఊగుతాయి తప్ప జారవు. చూసేవారికి యంత్రం తిరుగుతున్నట్టే ఉంటుంది, దుమ్ము మాత్రం కిందికి దిగదు. 120 చుట్లకు వెళితే బయటి చివర 4.9, లోపలి చివర 3. ఇప్పుడు ఒక వైపే జారుతాయి. 150 చుట్ల దగ్గర 7.7, 4.6. రెండు వైపులా జారుతాయి, బయటి చివర ఎక్కువగా. అందువల్ల మొత్తం మీద కాయలు క్రాంక్‌కు దూరంగా నడుస్తాయి. కాయలు పడే నోటిని క్రాంక్‌కు ఎదురు చివర పెట్టమనేది ఇందుకే. రెండు చివర్లా త్వరణం వేర్వేరుగా ఉండడం కనెక్టింగ్ రాడ్ పొట్టితనం వల్ల వచ్చే గుణం. ఇక్కడ అది మనకు ఉపకారం చేస్తోంది.

ఇప్పుడు బలం. 150 చుట్ల దగ్గర బయటి చివర జల్లెడను తిరగ్గొట్టడానికి 8 ఇంటూ 7.7, అంటే 62 న్యూటన్లు. జల్లెడ కర్ర పట్టాల మీద జారుతుంటే ఘర్షణకు మరో 24. రెండూ కలిపితే 86. దాన్ని 0.025 మీటర్ల క్రాంక్‌తో గుణిస్తే 2.15 న్యూటన్-మీటర్లు, మన దుకాణాల భాషలో 22 కేజీ-సెంటీమీటర్లు. ఇది కావాలనే ఎక్కువగా వేసిన లెక్క. నిజానికి జడత్వ బలం గరిష్ఠంగా ఉండేది డెడ్ సెంటర్ దగ్గర, అక్కడ క్రాంక్‌కు చేయి పొడవే లేదు. కోణం కోణానికీ లెక్క కడితే గరిష్ఠ టార్క్ 1.2 న్యూటన్-మీటర్ల దగ్గర, డెడ్ సెంటర్ దాటిన 40, 45 డిగ్రీలకు వస్తుంది. నేను మాత్రం తేలిక లెక్కనే వాడమంటాను. అందులో కావలసిన రక్షణ అప్పటికే కలిసి ఉంటుంది.

ఇందులో ఇంకో విశేషం ఉంది. ఒక చుట్టులో ఘర్షణ తినే శక్తి 24 న్యూటన్లు ఇంటూ 0.1 మీటర్, అంటే 2.4 జౌళ్లు. సెకనుకు రెండున్నర చుట్లు కాబట్టి సగటు శక్తి 6 వాట్లు. కానీ గరిష్ఠ టార్క్‌ను వేగంతో గుణిస్తే మన తేలిక లెక్క ప్రకారం 34 వాట్లు. సగటు ఆరు, శిఖరం ముప్పై నాలుగు! పైగా స్ట్రోక్ చివరికి వస్తున్నప్పుడు ఊపుమీదున్న జల్లెడే మోటార్‌ను వెనక నుంచి తోస్తుంది. గేర్లలో ఉన్న కొద్దిపాటి సందు ఒకసారి ఇటూ ఒకసారి అటూ కొట్టుకుని టకటకమనే చప్పుడు అప్పుడే పుడుతుంది. క్రాంక్ షాఫ్ట్ మీద బరువైన ఇనుప చక్రం (ఫ్లైవీల్) బిగిస్తే ఆ శిఖరాన్నీ ఈ తోపునూ అదే మింగుకుంటుంది, మోటార్‌కు సగటు పని మిగులుతుంది. పాత ఇనుము దుకాణంలో దొరికే బరువైన వీ-బెల్ట్ పుల్లీ ఇందుకు చాలు. పెద్ద మోటార్‌కు డబ్బు పెట్టేముందు చక్రానికి పెట్టండి. వీలైతే జల్లెడను పట్టాల మీద జార్చకుండా నాలుగు మూలలా చదునైన ఉక్కు పట్టీలతో వేలాడదీయండి, ఘర్షణ దాదాపు మాయమవుతుంది.

ఈ పనికి నా ఎంపిక రెండు రకాలు. రోజంతా షెడ్డులో నడవాలంటే పావు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ గేర్డ్ ఇండక్షన్ మోటార్. 186 వాట్లు అవసరానికి మించినవే, అయినా అరిగే కార్బన్ బ్రష్‌లు ఉండవు, మూసిన బాడీ కాబట్టి దుమ్ము లోపలికి పోదు, స్విచ్ వేస్తే తిరుగుతుంది. బ్యాటరీ మీద నడవాలంటే, లేదా వేగాన్ని పంట బట్టి మార్చుకోవాలంటే, 24 వోల్టుల 60 వాట్ల ప్లానెటరీ గేర్ డీసీ మోటార్. దాని అవుట్‌పుట్ వేగం 150 నుంచి 200 చుట్ల మధ్య ఉండాలి, రేటెడ్ టార్క్ (ఎడతెగకుండా ఇవ్వగలిగేది) 20 కేజీ-సెంటీమీటర్లకు తగ్గకూడదు. స్టాల్ టార్క్ చూసి కొనవద్దు. అది మోటార్ నిలిచిపోయినప్పటి అంకె, ఆ స్థితిలో కొద్దిసేపట్లోనే వైండింగ్ కాలుతుంది.

పెట్టెలు తోసే యంత్రం

చిత్తూరు జిల్లాలో తోతాపురి కాలం వచ్చిందంటే గుజ్జు పనిలో ప్రతి చిన్న సౌకర్యానికీ విలువ ఉంటుంది. 10 కిలోల పెట్టెను స్టీలు బల్ల మీద 120 మిల్లీమీటర్లు ముందుకు తోసి, చెయ్యి వెనక్కి వచ్చి, తర్వాతి పెట్టె కోసం ఎదురుచూడాలి. ఘర్షణ 40 న్యూటన్లు, క్రాంక్ 60 మిల్లీమీటర్లు. టార్క్ సుమారు 2.5 న్యూటన్-మీటర్లు. రెండింతల రక్షణతో 5, అంటే 50 కేజీ-సెంటీమీటర్లు. వేగం నిమిషానికి 30 నుంచి 50 చుట్లు చాలు.

ఇక్కడ నాకు కారు వైపర్ మోటార్‌ను మించినది కనబడదు. 12 వోల్టులు, లోపల వర్మ్ గేర్, రెండు వేగాలు, తక్కువది నిమిషానికి 45 చుట్ల ప్రాంతంలో, ఎక్కువది 65 ప్రాంతంలో. అన్నిటికన్నా ముఖ్యం దాని పార్క్ స్విచ్. వర్షం ఆగి డ్రైవరు స్విచ్ ఆపినా వైపర్లు అద్దం మధ్యలో నిలిచిపోవు, కిందికి వచ్చే ఆగుతాయి. గేర్ చక్రం మీదున్న రాగి పట్టీ అక్కడిదాకా కరెంటు అందిస్తూనే ఉండి, ఆ చోటు రాగానే సరఫరా తెంచి మోటార్ రెండు కొసలనూ కలిపి బ్రేకు వేస్తుంది. మన యంత్రంలో క్రాంక్‌ను షాఫ్ట్ మీద తిప్పి, ఆ పార్క్ చోటు లోపలి డెడ్ సెంటర్‌తో కలిసేలా బిగిస్తే చాలు. ఒక రిలే ఒక క్షణం పడితే చెయ్యి ఒక చుట్టు పూర్తి చేసి ఇంటికి వస్తుంది. మైక్రోకంట్రోలర్ లేకుండా కూడా నడిచే యంత్రం ఇది.

వైరింగులో ఒక చోట మాత్రం జాగ్రత్త. చాలా వైపర్ మోటార్లలో నెగెటివ్ బాడీకే కలిసి ఉంటుంది. విద్యార్థులు అలవాటుగా మాస్‌ఫెట్‌ను (ఎలక్ట్రానిక్ స్విచ్) నెగెటివ్ వైపు పెడతారు. మోటార్ బాడీ ఇనుప ఫ్రేముకు తగిలి, ఆ ఫ్రేము సప్లై నెగెటివ్‌కు తగిలి ఉంటే కరెంటుకు మాస్‌ఫెట్‌ను తప్పించుకునే దారి దొరుకుతుంది, మోటార్ ఆగనే ఆగదు. మల్టీమీటర్‌ను బజ్ మీద పెట్టి ఒక మొన బాడీకి, మరో మొన నల్ల తీగకు తాకించండి. మోగితే స్విచ్‌ను పాజిటివ్ వైపే పెట్టాలి. బీటీఎస్7960 మోటార్ డ్రైవర్ మాడ్యూల్‌లో ఒక సగాన్ని వాడితే అది సులభం, పైగా అందులోని కింది స్విచ్‌ను ఆన్ చేస్తే బ్రేకు కూడా దొరుకుతుంది. పాత సామాను దుకాణంలో తెచ్చిన మోటార్ అయితే బ్రష్‌లు ఎంత మిగిలాయో విప్పి చూసుకుని గానీ పనిలో పెట్టవద్దు.

మిగతా మోటార్లు

స్టెప్పర్ గురించి ముందు. 1.8 డిగ్రీల అడుగులు, చుట్టుకు 200. నీమా 17 మామూలుగా 0.4 న్యూటన్-మీటర్ల చుట్టూ ఉంటుంది, నీమా 23 పొడవు బట్టి 1 నుంచి 2 దాకా. ఇవి హోల్డింగ్ టార్క్ అంకెలు, కదలకుండా నిలబడినప్పటివి. వేగం పెరిగేకొద్దీ ఇది తగ్గిపోతుంది. జల్లెడ లాంటి పనిలో టార్క్ ఒక చుట్టులోనే ప్లస్ నుంచి మైనస్‌కు ఊగుతుంది. ఆ ఊపులో ఒక అడుగు తప్పినా స్టెప్పర్‌కు తెలియదు, ప్రోగ్రామ్‌కూ తెలియదు. కదలినా కదలకపోయినా కరెంటు తాగుతూ వేడెక్కుతుంది. ఇన్ని చెప్పినా స్టెప్పర్‌కు తనదైన చోటు ఉంది. స్లైడర్ మధ్యలో ఎక్కడైనా ఆగాలన్నా, ముందుకు నెమ్మదిగా వెళ్లి వెనక్కి వేగంగా రావాలన్నా, కొలత తీసే పరికరంలో స్లైడర్ ప్రతి క్షణం ఎక్కడుందో తెలియాలన్నా అదే సరి. నీమా 17కు ఏ4988 లేదా డీఆర్‌వీ8825 డ్రైవర్, నీమా 23కు టీబీ6600. ఏ4988కు చిన్న హీట్‌సింక్ అంటించకుండా 1 ఆంపియర్ దాటించవద్దు. ఒక మాట మాత్రం ఆలోచించండి. మధ్యలో ఖచ్చితంగా ఆగడమే మీ యంత్రం ముఖ్యమైన పని అయితే, అసలు క్రాంక్ ఎందుకు? లీడ్‌స్క్రూ వాడితే అదే స్టెప్పర్ నాలుగింతలు సుఖంగా పని చేస్తుంది.

12 వోల్టుల చిన్న గేర్డ్ డీసీ మోటార్లు, దుకాణాల్లో జాన్సన్ మోటార్ అని అడిగితే ఇచ్చేవి, కిలో రెండు కిలోల లోపు పనులకు బాగుంటాయి. 60 చుట్లది, 100 చుట్లది, 200 చుట్లది అని వేగాల వారీగా వస్తాయి. ఒకే మోటార్‌కు వేర్వేరు గేర్ పెట్టెలు కాబట్టి చుట్లు తగ్గేకొద్దీ టార్క్ పెరుగుతుంది. కావలసిన వేగానికి నూటికి 20, 30 ఎక్కువ ఉన్నదాన్ని కొని పీడబ్ల్యూఎంతో (కరెంటును వేగంగా ఆపి ఆపి ఇచ్చే పద్ధతితో) తగ్గించుకోండి. 300 చుట్లది కొని 60కి తగ్గించడం మాత్రం తప్పుడు పొదుపు. వేగం తగ్గుతుంది, టార్క్ పెరగదు.

సర్వో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటార్), ఎంజీ996ఆర్ లాంటిది, సుమారు 180 డిగ్రీలే తిరుగుతుంది. అయినా తరగతి నమూనాకు ఒక చక్కని ఉపాయం ఉంది. సున్నా నుంచి 180 దాకా తిప్పితే ఒక డెడ్ సెంటర్ నుంచి మరో డెడ్ సెంటర్‌కు, అంటే పూర్తి స్ట్రోక్. తిరిగి వెనక్కి తిప్పితే వాపసు స్ట్రోక్. కార్డుబోర్డు, అక్రిలిక్ నమూనాలకు బీఓ మోటార్ (ప్లాస్టిక్ గేర్ల చిన్న మోటార్) ఇంకా చవక, ఇంకా సులభం.

బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటార్లు శక్తిని పొదుపుగా వాడతాయి, బ్రష్‌ల అరుగుదల లేదు. సెన్సార్లు, డ్రైవర్, గేర్ పెట్టె అన్నీ కలిసి ఒకే సెట్టుగా దొరికితే రోజంతా నడిచే బ్యాటరీ యంత్రానికి నేను సంతోషంగా ఒప్పుకుంటాను. విడివిడిగా కొని కలపాలంటే మొదటి యంత్రానికి వద్దు.

పవర్ హాక్‌సా (ఇనుము కోసే రంపం) లాంటి బరువైన పనికి అర హెచ్‌పీ ఇండక్షన్ మోటార్, బెల్ట్, ఫ్లైవీల్. వేరే ఆలోచనే అక్కర్లేదు. ఇండక్షన్ మోటార్‌కు ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలించి వేగం తగ్గించే ప్రయత్నం మాత్రం చేయవద్దు. బరువు మీద అది వేడెక్కి, వేగం నిలకడగా ఉండదు. వేగం మార్చాలంటే త్రీ ఫేజ్ మోటార్, సింగిల్ ఫేజ్ ఇన్‌పుట్ తీసుకునే వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చే పరికరం) కలిపి వాడాలి.

నియంత్రణ: తక్కువతో మొదలుపెట్టండి

డీసీ మోటార్‌కు ఎల్298ఎన్ డ్రైవర్ కొనే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. అందులో పాత తరం ట్రాన్సిస్టర్లు ఉంటాయి. 12 వోల్టులు ఇస్తే దారిలోనే 2 వోల్టులు, కరెంటు పెరిగితే ఇంకా ఎక్కువ తినేసి మోటార్‌కు 10 లేదా అంతకన్నా తక్కువే అందిస్తుంది, ఆ తిన్నది వేడిగా మారుతుంది. ఛానెల్‌కు 2 ఆంపియర్లు దాని హద్దు. క్రాంక్‌కు దిశ మార్పు అక్కర్లేదు కాబట్టి బాడీ విడిగా ఉన్న మోటార్‌కు ఒక లాజిక్-లెవెల్ మాస్‌ఫెట్, మోటార్ కొసలకు అడ్డంగా ఒక ఫ్లైబ్యాక్ డయోడ్ (కరెంటు ఆపినప్పుడు వచ్చే వోల్టేజీ దెబ్బను మళ్లించేది) చాలు. డయోడ్ మరిచిపోతే మాస్‌ఫెట్ మొదటి రోజే పోతుంది. ఆర్డునో ఊనో బోర్డు మామూలు పీడబ్ల్యూఎం ఎక్కువ పిన్నుల మీద 490 హెర్ట్జ్ కాబట్టి మోటార్ సన్నగా కూస్తుంది. అది లోపం కాదు. చెవికి వినబడకూడదంటే 20 కిలోహెర్ట్జ్‌కు పెంచుకోవచ్చు.

వేగాన్ని స్థిరంగా ఉంచడానికి చాలామంది ఎన్‌కోడర్ పెట్టి పీఐడీ (తేడాను చూసి ఎప్పటికప్పుడు సరిదిద్దే ప్రోగ్రామ్) రాస్తారు. స్లైడర్-క్రాంక్‌లో వేగం ప్రతి చుట్టులోనూ సహజంగానే పెరిగి తగ్గుతుంది. ఆ ప్రతి ఊపునూ అణచాలని పీఐడీ చూస్తే, డెడ్ సెంటర్ దాటాక కరెంటు గుప్పించి, స్ట్రోక్ చివర ఒక్కసారిగా తెంచేసి, గేర్లకు దెబ్బ మీద దెబ్బ వేస్తుంది. చుట్టుకు ఒకసారి కొలవండి, చుట్టుకు ఒకసారి సరిదిద్దండి. క్రాంక్ డిస్కు మీద ఒక చిన్న అయస్కాంతం, ఎదురుగా ఏ3144 హాల్ సెన్సార్. దాని అవుట్‌పుట్‌కు 10 కిలో-ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్ (అవుట్‌పుట్‌ను పాజిటివ్‌కు కలిపేది) తప్పనిసరి. రెండు పల్స్‌ల మధ్య గడిచిన సమయమే ఒక చుట్టు సమయం. అది ఎక్కువైతే పీడబ్ల్యూఎం కొద్దిగా పెంచండి, తక్కువైతే కొద్దిగా తగ్గించండి. చుట్టు లోపలి ఊపులను ఫ్లైవీల్‌కు వదిలేయండి.

అదే అయస్కాంతం ఆగే చోటును కూడా చెబుతుంది. దాన్ని సరిగ్గా డెడ్ సెంటర్ దగ్గర కాకుండా 15, 20 డిగ్రీల ముందు అంటించండి. సెన్సార్ పలికి, బ్రేకు పడి, మోటార్ కొంచెం జారి ఆగేసరికి క్రాంక్ డెడ్ సెంటర్ దగ్గరికి చేరుతుంది. బ్రేకు అంటే కరెంటు ఆపి మోటార్ రెండు కొసలనూ కలపడమే. ఎంత జారుతుందో ఖాళీగా ఒకసారి, పూర్తి బరువుతో ఒకసారి చూసి అయస్కాంతాన్ని జరుపుకోండి. ఇలా ఆపిన క్రాంక్‌కు ఇంకో లాభం, మళ్లీ మొదలైనప్పుడు మోటార్ మొదటి కొన్ని డిగ్రీలు దాదాపు బరువు లేకుండా తిరిగి ఊపందుకుంటుంది.

స్టెప్పర్ వాడేవారు స్లైడర్‌ను ఒక చోటికి పంపాలంటే కోణం లెక్క ఇలా: క్రాంక్ కేంద్రం నుంచి స్లైడర్ పిన్ దాకా ఉన్న దూరం వర్గానికి క్రాంక్ వర్గం కలిపి, రాడ్ వర్గం తీసివేసి, వచ్చినదాన్ని దూరం, క్రాంక్‌ల లబ్ధానికి రెండింతలతో భాగిస్తే కోణం కొసైన్ వస్తుంది. స్లైడర్ స్ట్రోక్ అంతా ఒకే వేగంతో నడవాలని మాత్రం కోరవద్దు. డెడ్ సెంటర్ దగ్గర అందుకు మోటార్ అనంత వేగంతో తిరగాలి. మధ్యలోని మూడింట రెండొంతులకే ఆ కోరిక పెట్టుకోండి.

జామ్ గురించి గట్టిగా చెబుతున్నాను. బయటి డెడ్ సెంటర్‌కు 10 డిగ్రీల దూరంలో పెట్టెల యంత్రం క్రాంక్‌కు చేయి పొడవు 13 మిల్లీమీటర్లే. 40 న్యూటన్లకు లెక్కేసిన అదే 2.5 న్యూటన్-మీటర్ల టార్క్ అక్కడ 190 న్యూటన్లు నొక్కుతుంది. మోటార్ బలంగా 20 న్యూటన్-మీటర్లు లాగితే 1500 న్యూటన్లు, అంటే 150 కిలోల బరువు. మనిషి చెయ్యి చిక్కుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. స్లైడర్ దారికి జాలీ కవచం పెట్టండి. ఏసీఎస్712 కరెంటు సెన్సార్‌తో మామూలు కరెంటుకు రెండింతలు దాటి పావు సెకను ఉంటే ఆపేయండి. క్రాంక్ పిన్ దగ్గర మెత్తటి ఇత్తడి షియర్ పిన్ (బలం మించితే తానే తెగిపోయేది) కూడా వేయండి. సెన్సార్ తీగ ఊడినా పిన్ ఊరుకోదు. ఎర్ర బటన్ చేతికి అందే దూరంలో, మోటార్ కరెంటునే నేరుగా తెంచేలా ఉండాలి.

ఎండ, దుమ్ము, కరెంటు

వేసవిలో తిరుపతి, రేణిగుంట వైపు 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. డ్రైవర్ మీద రాసి ఉండే ఆంపియర్లలో మూడింట రెండొంతులే మీకు దక్కుతాయనుకుని కొనండి. వేరుశనగ దుమ్ము బ్రష్‌ల దగ్గర చేరితే నిప్పురవ్వలు పెరుగుతాయి, కాబట్టి గాలి కన్నాలున్న మోటార్ వద్దు. ఎస్ఎంపీఎస్‌ను (ఇంటి కరెంటును డీసీగా మార్చి ఇచ్చే సప్లై) మోటార్ మామూలు కరెంటుకు రెండింతలకు తీసుకోండి, లేకపోతే మొదలయ్యే క్షణంలోనే అది ట్రిప్ అవుతుంది. ఊపులో జల్లెడ మోటార్‌ను తోసినప్పుడు వోల్టేజీ ఎగబాకకుండా సప్లై కొసల మీద 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి. కరెంటు నిలకడ లేని ఊళ్లలో 12 వోల్టుల బ్యాటరీ మంచి తోడు. 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ 2 ఆంపియర్ల మోటార్‌ను సుమారు 3 గంటలు నడుపుతుంది.

విడిభాగాలకు తిరుపతిలో దొరకనివి చెన్నై రిచీ స్ట్రీట్‌లో చేతితో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు. చిత్తూరు వైపు వారికి బెంగళూరు ఎస్‌పీ రోడ్డు కూడా అందుబాటులోనే ఉంటుంది. గేర్డ్ మోటార్‌ను మాత్రం ఫొటో చూసి తెప్పించుకోవద్దు. షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఆడించి గేర్ సందు ఎంతుందో చూడండి, పక్కలకు ఊపి బేరింగ్ వదులుగా ఉందేమో చూడండి.

బిగింపు

చిన్న గేర్డ్ మోటార్ షాఫ్ట్ మీదే నేరుగా క్రాంక్ పెట్టడం నమూనాలకు సరే. పని చేసే యంత్రంలో కనెక్టింగ్ రాడ్ లాగుడంతా ఆ చిన్న బేరింగ్ మీదే పడుతుంది. క్రాంక్‌కు వేరే షాఫ్ట్, దానికి రెండు పిల్లో బ్లాక్ బేరింగులు ఇవ్వండి. 20 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కు యూసీపీ204 సరిపోతుంది. మోటార్‌ను కప్లింగ్‌తోనో బెల్ట్‌తోనో కలపండి. ఒక్క గ్రబ్ స్క్రూ (షాఫ్ట్‌ను నొక్కి పట్టే చిన్న మర) మీద క్రాంక్‌ను ఎప్పుడూ నమ్మవద్దు. టార్క్ ప్రతి చుట్టులోనూ దిశ మార్చుకుంటుంది కాబట్టి అది కొద్ది గంటల్లో వదులవుతుంది. షాఫ్ట్‌కు కీ వేయించండి, లేదా చీల్చిన హబ్‌ను బోల్టుతో బిగించండి. బిగించాక షాఫ్ట్ మీదా హబ్ మీదా కలిసేలా రంగు పెన్నుతో ఒక గీత గీయండి. మొదటి రోజు సాయంత్రం ఆ గీత రెండు ముక్కలై కనిపిస్తే హబ్ జారినట్టే, మర్నాడు యంత్రం వేసేముందు బోల్టు మళ్లీ బిగించాలి.